చెట్ల నగరంలో గుంత తవ్వేవాళ్లు

హైదరాబాద్‌లో ఒక మొక్క నాటాలంటే కనీసం పదిమంది కావాలి. గుంత తవ్వడానికి ఒకరు, ఫొటోలో నిలబడటానికి తొమ్మిది మంది. గుంత ముందురోజు సాయంత్రమే తయారవుతుంది. తెల్లారేసరికి దాని చుట్టూ బంతిపూలు, పక్కన జల్లించిన ఎర్రమట్టి, రిబ్బన్ కట్టిన కొత్త పార, వెనక ఫ్లెక్సీ అమరిపోతాయి. ముఖ్య అతిథి వచ్చి, పార పట్టి, రెండుసార్లు మట్టి కదిపి, రోజ్‌క్యాన్‌తో నాలుగు చుక్కలు పోసి కారెక్కుతారు. మొక్కకున్న నల్ల కవరు చించడం, వేళ్ల ముద్ద చెదరకుండా గుంతలోకి దించడం, గెత్తం కలిపిన మట్టి కప్పి కాలితో అదమడం, ఊతకర్ర పాతి కట్టడం లాంటి చిల్లర పనులన్నీ కెమెరాలు వెళ్లాక జరుగుతాయి. కాబట్టి నాటినవారి జాబితాలోకి గుంత తవ్వినవాళ్లు ఎక్కే వీలు లేదు.

ఈ ఉత్సవానికి చరిత్ర ఉంది. 1950లో అప్పటి కేంద్రమంత్రి కె.ఎం.మున్షీ వనమహోత్సవం మొదలుపెట్టారు. 2015 జూలై 3న చిలుకూరులో తెలంగాణ ప్రభుత్వం హరితహారం ప్రారంభించింది. లక్ష్యం 230 కోట్ల మొక్కలు. 2011 జనగణనలో రాష్ట్ర జనాభా మూడున్నర కోట్లు కనుక తలకు 65 మొక్కలు పడ్డాయి. ఆ లెక్కన అమీర్‌పేటలో ఒక త్రీ షేరింగ్ హాస్టల్ గదికి 195 మొక్కలు. మూడు మంచాలు వేశాక బకెట్ పెట్టుకునే చోటు కూడా మిగలని గదికి ఇది పెద్ద బాధ్యతే. 2024లో, ప్రభుత్వం మారాక, కార్యక్రమం పేరు మళ్లీ వనమహోత్సవం అయింది. పార అదే, గుంత అదే, ఫ్లెక్సీ ఒక్కటీ కొత్తగా అచ్చేయించారు.

మధ్యలో 2018లో గ్రీన్ ఇండియా ఛాలెంజ్ వచ్చింది. ఒక్కొక్కరు మూడు మొక్కలు నాటి మరో ముగ్గురిని నాటమని పిలవాలి. సినిమా తారలు క్రీడాకారుల్ని, క్రీడాకారులు అధికారుల్ని పిలిచారు. మూడును మూడుతో హెచ్చిస్తూ పోతే ఇరవయ్యో మెట్టుకు పిలుపు అందుకోవాల్సినవాళ్లు 348 కోట్లు దాటుతారు. దేశ జనాభాకు రెండు రెట్ల పైమాటే. అంటే అడ్డా మీద టిఫిన్ డబ్బాతో నిలబడే కూలీకి ఈపాటికి రెండుసార్లు పిలుపు వచ్చి ఉండాలి. గుంతలు తవ్వమనే పిలుపు తప్ప వేరేది అందిన దాఖలా లేదు.

2021 ఫిబ్రవరిలో అమెరికాకు చెందిన ఆర్బర్ డే ఫౌండేషన్, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కలిసి హైదరాబాద్‌ను ప్రపంచ చెట్ల నగరాల జాబితాలో చేర్చాయి. ఆ ఏడు మన దేశం నుంచి ఈ గౌరవం దక్కింది ఈ ఒక్క ఊరికే. మరుసటి ఏడాది అక్టోబరులో దక్షిణ కొరియాలోని జెజులో ప్రపంచ హరిత నగర పురస్కారం కూడా వచ్చింది. చెట్ల నగరం అనిపించుకోవాలంటే ఐదు ప్రమాణాలు తీరాలి: చెట్ల బాధ్యత ఎవరిదో తేల్చాలి, నిబంధనలు రాసుకోవాలి, ఉన్న చెట్లను లెక్కగట్టాలి, బడ్జెట్ ఇవ్వాలి, ఏడాదికోసారి వేడుక చేయాలి. చెట్టెక్కినవాడి నడుముకు తాడుందా లేదా అనేది ఆరోది కావాల్సింది, ఐదుతోనే ఆపేశారు. ఇక ఐదో ప్రమాణంలో హైదరాబాద్‌ను కొట్టే ఊరు భూమ్మీద ఉండకపోవచ్చు.

వేడుక తర్వాత మొక్క బతకాలి. రోడ్డు పక్క నాటే పెద్ద మొక్కకు మీటరు లోతు, మీటరు వెడల్పు గుంత ఉంటే మంచిదని ఉద్యానశాస్త్రం చెబుతుంది. శాస్త్రం రాసినవారు అమీర్‌పేట ఫుట్‌పాత్ తవ్వి చూడలేదు. టైల్స్ కింద సిమెంటు, దాని కింద కరెంటు కేబులు, పక్కన మంచినీళ్ల పైపు, అడ్డంగా ఇంటర్నెట్ తీగ. గడ్డపార దేనికి తగిలినా ఆ నష్టం మేస్త్రీ కూలిలోనే కోస్తాడు. అందుకని గుంత అడుగున్నర దగ్గర ఆగుతుంది, ఆ పైన వేళ్లు కూడా అక్కడే ఆగుతాయి. చెట్టు చుట్టూ మీటరు మేర సిమెంటు ఉండకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఢిల్లీకి ఆదేశమిచ్చింది. ఆ మీటరు ఢిల్లీ నుంచి ఇక్కడికి వచ్చేసరికి తరిగిపోయి, మాను మొదట్లో అంగుళం సందుగా మిగిలింది. ఆ సందులోనే టీ కప్పులు కూడా వేయాలి.

మెట్రో కింద మొక్కలది వేరే కథ. 2017 నవంబరులో మియాపూర్–నాగోల్ మార్గం అమీర్‌పేట మీదుగా మొదలైంది, 2018 సెప్టెంబరులో అమీర్‌పేట–ఎల్బీనగర్ మార్గం పంజాగుట్ట మీదుగా వచ్చింది. రెండు చోట్లా రోడ్డు మీద కాంక్రీటు పైకప్పు పడింది. దాని కింద డివైడర్‌లో పెట్టిన మొక్కల మీద వాన పడదు. జూలైలో జోరున కురుస్తుంటే, తడిసి ముద్దయిన కూలీ ట్యాంకర్ పైపుతో మొక్కలకు నీళ్లు పోస్తూ కనిపిస్తాడు. సిగ్నల్ దగ్గర ఆగిన కార్లలోంచి అది చూసి నవ్వుకునేవాళ్లుంటారు. ఆ రోడ్డు మొత్తం మీద తెలివైన పని చేస్తున్నది ఆ మనిషే.

2019 పురపాలక చట్టం నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలంది. బతక్కపోతే బాధ్యుల పదవికే ఎసరు. పదవి కాపాడుకోవడానికి శాస్త్రీయ పద్ధతి ఉంది: చచ్చిన మొక్క గుంతలో ఇంకో మొక్క పెట్టడం. దీన్ని గ్యాప్ ఫిల్లింగ్ అంటారు. కోనోకార్పస్ వచ్చాక ఆ అవసరమూ తగ్గింది. మేకలు ముట్టవు, ఎండకు వాడదు, ఏడాదికే గోడలా లేస్తుంది. లెక్కలకు అంతకంటే విధేయమైన మొక్క లేదు. పుప్పొడి, వేళ్ల మీద ఫిర్యాదులు వచ్చాక 2022లో దాన్ని నాటొద్దన్నారు. నాటిన చోట కూలి ముట్టింది, పీకమన్న చోటా ముట్టింది. వృక్షశాస్త్రం వల్ల కూలీ నేరుగా లాభపడిన సందర్భం ఇదొక్కటే.

పెరిగిన చెట్టుకు మొదటి శత్రువు తీగ. వానలకు ముందు కరెంటు వాళ్లు లైన్ల కింద కొమ్మలు కొట్టిస్తారు. పని మొదలవ్వాలంటే ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్ తీసుకుని సరఫరా ఆపాలి. అది ఎంతసేపు ఇస్తే అంతసేపే పని, కాబట్టి తీగ వైపు కొమ్మలన్నీ ఒక్క ఊపులో పోతాయి, అవతలి వైపు అలాగే ఉంటాయి. ఒకవైపు గుండు, ఒకవైపు జుట్టుతో మిగిలిన పచ్చతురాయి మే నెల ఈదురుగాలికి బరువున్న వైపు ఒరుగుతుంది. అది బలహీనమైన చెట్టని అప్పుడు ప్రకటిస్తారు. కొట్టిన కొమ్మలు ఫుట్‌పాత్ మీదే ఎండుతాయి. కొట్టే శాఖ వేరు, ఎత్తే శాఖ వేరు. రెండు శాఖల మధ్య నడిచేవాళ్లు రోడ్డెక్కుతారు.

ఇక కొమ్మలు కోసే మిషన్ సంగతి కొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే పురస్కార పత్రాల్లో దీని ప్రస్తావన రాదు. రంపం మిషన్‌ది టూ స్ట్రోక్ ఇంజను. మంచి ఆయిలైతే లీటరు పెట్రోల్‌కు 20 మిల్లీలీటర్లు కలపాలి, నాసిరకమైతే 40. కలపడం మరిచినా, పొదుపు చేసినా పిస్టన్ పట్టేస్తుంది. ఇప్పుడు బంకులో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. వారం పని దొరక్క మిషన్ మూలన పడితే ఆ ఇథనాల్ గాలిలో తేమ పీల్చి కార్బురేటర్‌లోని రబ్బరు పొరను పాడుచేస్తుంది. పర్యావరణ హితమైన ఇంధనం కోసం చెట్ల పనివాడు చేసే త్యాగం ఇది. దీనికి సర్టిఫికెట్ ఇవ్వరు.

అసలు దెబ్బ చైనుకు తగులుతుంది. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల చెట్లకు కాసిన కాయల కంటే కోచింగ్ బోర్డుల కోసం కొట్టిన మేకులు ఎక్కువ. ఒకప్పుడు జావా, ఆ తర్వాత డాట్‌నెట్, తర్వాత డేటా సైన్స్, ఇప్పుడు ఏఐ. మధ్య మధ్య లేడీస్ హాస్టల్, హోమ్ ఫుడ్. బోర్డు చిరిగి పడిపోతుంది, మేకు మాత్రం ఉండిపోతుంది, దాని మీదుగా బెరడు కమ్ముకుంటుంది. పదేళ్ల తర్వాత ఆ కొమ్మ మీద రంపం పెడితే నిప్పురవ్వ లేచి చైను పళ్లు రాలతాయి. వేపమాను లోపల పొరకో మేకు, మేకుకో కోర్సు. ఉద్యోగం గ్యారంటీ అని రాసిన బోర్డు ఎవరికి ఉద్యోగం ఇచ్చిందో గానీ, చైను అమ్మే షాపుకు మాత్రం మాట తప్పకుండా బేరం ఇచ్చింది. చిన్న దెబ్బైతే పనివాడు అక్కడే చెట్టు నీడన కూర్చుని, గుండ్రటి ఆకురాయితో పళ్లు అరగదీస్తాడు. ప్రతి పన్నుకూ అన్నే రుద్దులు, ఒకే దిశలో, కుడి పళ్లు అయ్యాక ఎడమవి. ఒకవైపు పదును ఎక్కువైతే కోత వంకర పోతుంది. ఈ పనికి ఉండే ఓపిక, ఎదురుగా మూడు నెలల్లో ఫుల్‌స్టాక్ నేర్పే గదుల్లో కూడా దొరకదు. పెద్ద దెబ్బైతే రాణిగంజ్ షాపుల దాకా పోవాలి. చైను ఖర్చొకటి, పోయిన రోజు కూలొకటి. మేకు కొట్టినవాడి ఫోన్ నంబరు బోర్డు మీద పెద్ద అక్షరాల్లో ఉంటుంది, బిల్లు మాత్రం ఎవరూ ఆ నంబరుకు పంపరు.

పంజాగుట్ట నాగార్జున సర్కిల్ దాటితే బంజారాహిల్స్. అక్కడ బేరం గుత్తకు నడుస్తుంది. "ఏందయ్యా, రెండు కొమ్మలకు అంత అడుగుతవు? కట్టె గూడ నువ్వే తీస్కపో" అంటారు గేటు లోపలి నుంచి. కట్టె ఇవ్వడం దానంలా వినిపిస్తుంది గానీ, దాన్ని ముక్కలు కోసి, ఆటో ట్రాలీ మాట్లాడి, అడితికి చేర్చేదాకా ఖర్చంతా దానం పుచ్చుకున్నవాడిదే. అదే ఇంటి ముందు నాటే అలంకార వృక్షం సంగతి వేరు. 2025 జనవరిలో శంకర్‌పల్లి దగ్గర ప్రొద్దుటూరులో ముఖ్యమంత్రి ఎక్స్‌పీరియం పార్కును ప్రారంభించారు. 150 ఎకరాల్లో దేశదేశాల చెట్లు అక్కడున్నాయి. విదేశీ చెట్టు ధర లక్షల్లో పలికితే ఎవరూ బేరమాడరు. క్రేన్‌తో దించుతారు, గోనె చుడతారు, ఎండ తగలకుండా నెట్ కడతారు. దాన్ని దించే మనిషి చెప్పులు లేకుండా ఉంటాడు.

ఈ తేడాకు లెక్కలు ఉన్నాయి. ఆర్థికవేత్త పికెటీ తదితరులు 2024 మార్చిలో వెలువరించిన అధ్యయనం ప్రకారం 2022–23లో దేశ సంపదలో 40.1 శాతం, ఆదాయంలో 22.6 శాతం పైనున్న ఒక్క శాతం మందిది. ఆ ఒక్క శాతానికి నీడ కావాలి గానీ ఆకులు కారు మీద రాలకూడదు. మిగిలిన కథ అందులోనే ఉంది. పాశ్చాత్య దేశాల్లో చెట్ల పనివాళ్ల వృత్తి సంఘానికి 1924లోనే పునాది పడింది. పరీక్ష పెట్టి, ధ్రువపత్రమిచ్చి ఆర్బరిస్ట్ అంటారు. ఇక్కడ పరీక్ష ప్రతి చెట్టు మీదా జరుగుతుంది, తప్పినవాడు మళ్లీ రాయడానికి ఉండడు. మిషన్ కొన చెక్కకు తగిలితే వెనక్కి, మెడ మీదికి తంతుంది. హెల్మెట్ స్థానంలో తువ్వాలు, హార్నెస్ స్థానంలో నైలాన్ తాడు, అది కూడా కొమ్మను కిందికి దించడానికి తెచ్చిందే.

పడితే మాత్రం ఆస్పత్రులకు కొదవ లేదు. పంజాగుట్టలో నిమ్స్, ఇటు సనత్‌నగర్‌లో ఈఎస్ఐ. ఈఎస్ఐ పదిమంది, అంతకు పైగా పనిచేసే నమోదైన సంస్థల్లో, నెలకు రూ.21,000 దాకా జీతగాళ్లకు. అడ్డా మీదినుంచి ఇద్దరుగా వచ్చిన చెట్లవాళ్లు ఏ సంస్థా కారు. పనిలో ప్రమాదానికి నష్టపరిహారం ఇప్పించే చట్టం 1923 నుంచీ ఉంది గానీ దానికి యజమాని ఎవరో తేలాలి. ఇంటాయన మేస్త్రీని చూపిస్తాడు, మేస్త్రీ ఇంటాయనను చూపిస్తాడు. మేస్త్రీకి లైసెన్సు లేదు, ఇంటాయన చెట్ల రక్షణకు ఉన్న వాల్టా చట్టం కింద చెట్టు కొట్టే అనుమతి తీసుకోలేదు. కాబట్టి ఇద్దరూ కలిసి ఆస్పత్రికి వచ్చి, సున్నం వేస్తూ నిచ్చెన మీంచి జారాడని రాయించి, చేతిలో కొంత పెట్టి, మిగిలిన కొమ్మలకు ఇంకో మనిషిని మాట్లాడుకుంటారు.