లేని పార్కుకు పద్నాలుగు శాతం

లేఅవుట్ క్రమబద్ధీకరణ పథకం, వాడుకలో ఎల్‌ఆర్‌ఎస్, అనుమతి లేని వెంచర్‌లో ప్లాటు కొన్నవారి చేత అభివృద్ధి పేరిట డబ్బు కట్టించే ఏర్పాటు. తప్పు వెంచర్ వేసినవాడిది. అతడు అప్పటికే ఇంకో ఊరి పొలంలో రంగు జెండాలు పాతే పనిలో ఉంటాడు కనుక కట్టేది కొన్నవాడే.

రుసుములో రెండు పద్దులుంటాయి. మొదటిది ప్లాటు విస్తీర్ణాన్నీ విలువనూ బట్టి పడే క్రమబద్ధీకరణ చార్జీ. రెండోదానిలో రసం ఎక్కువ. లేఅవుట్‌లో పది శాతం స్థలం పార్కు వగైరాలకు వదలాలి. వదలకుండా అమ్ముకున్నచోట ప్లాటు విలువలో 14 శాతం ఖాళీస్థలం చార్జీగా చెల్లించాలి. చెల్లించాక పార్కు రాదు. రావలసిన జాగాలో ఎవరిదో జీ ప్లస్ టూ గృహప్రవేశం కూడా అయిపోయి ఉంటుంది. ఉన్న పార్కుకు తోటమాలి జీతం దండగ. లేని పార్కుకు ఖర్చంటూ లేదు, అంతా రాబడే.

తెలంగాణలో ఈ పథకం ఉత్తర్వు 2020 ఆగస్టు 31న వెలువడింది. దరఖాస్తుకు మొదట పెట్టిన గడువు అక్టోబరు 15. సరిగ్గా రెండు రోజుల ముందు, 13న, హైదరాబాద్‌లో కుంభవృష్టి కురిసింది. శివారున ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్లు పడింది. చెరువు శిఖాల్లో, నాలాల పక్కన వెలసిన కాలనీల్లో జనం మేడలెక్కి కూర్చున్నారు. ప్రభుత్వం గడువును నెలాఖరుకు పొడిగించింది. చివరికి వచ్చిన దరఖాస్తులు దాదాపు 25 లక్షలు. ప్లాటుకు వెయ్యి చొప్పున దరఖాస్తు రుసుమే రూ.250 కోట్ల దాకా తేలింది. 2025లో 25 శాతం రాయితీ కూడా ప్రకటించారు. ఆషాఢం సేల్ చీరలకే పరిమితం కావాలని ఎక్కడా రాసి లేదు కదా.

వసూలైన సొమ్మును విడిగా ఉంచి సౌకర్యాలకే వాడాలన్నది నిబంధన. ఫలానా కాలనీ ఇంత కట్టింది, అక్కడ ఇంత ఖర్చయింది అని చెప్పే బోర్డు మాత్రం వీధి మొదట్లో కనబడదు. కనబడేది శంకుస్థాపన శిలాఫలకం.

పనులకూ ఒక వరుస ఉంది. ముందు సీసీ రోడ్డు పడుతుంది. అది ఆరాక డ్రైనేజీ పైపు కోసం నడిమధ్య కోస్తారు. పూడ్చాక మంచినీళ్ల పైపు, ఆ తర్వాత ఇంటర్నెట్ కేబుల్. కోసిన ప్రతిసారీ రోడ్ కటింగ్ చార్జీలుంటాయి, కాబట్టి రోడ్డు పాడవడమూ ఆదాయ మార్గమే. మ్యాన్‌హోల్ మూత రోడ్డుకు జానెడు పైనో, జానెడు కిందో తేలుతుంది. సమంగా కుదిరిన మూతను చూడటానికి పక్క కాలనీవాళ్లు వస్తారు.

అసలు చిక్కు నిర్వహణలో ఉంది. రుసుము ఒక్కసారే వస్తుంది, పూడిక ఏటా వస్తుంది. వానలకు ముందు నాలాలోంచి తీసిన పూడికను గట్టు మీదే కుప్ప పోస్తారు. అది ఆరితే లారీ ఎత్తుకెళ్లాలి. లారీ కంటే ముందు తొలకరి వస్తుంది, కుప్ప తిరిగి నాలాలో దిగుతుంది. మళ్లీ తీయడానికి మళ్లీ టెండరు పిలుస్తారు. ఆలోగా నీళ్లు గడప దాటితే కాలనీ సంఘం ఇంటింటికీ తిరిగి చందా వసూలు చేసి జేసీబీ తెస్తుంది. ఈ వసూలుకు ప్రొసీడింగ్స్ కాగితం రాదు, రాయితీ ఉండదు. పని మాత్రం సాయంత్రానికల్లా అవుతుంది.