కుళాయికి కుల్లాయి

2021 ఫిబ్రవరి. డాలస్ పక్కన ఫ్రిస్కోలో మా ఇల్లు. గడ్డకట్టే చలి వస్తోంది, జాగ్రత్తపడండని ఫోన్లలో ఒకటే హెచ్చరికలు. కుళాయి తొడుగుల కోసం వెళ్తే అంగళ్లన్నీ ఖాళీ. బయట గోడకున్న కుళాయికి తగిలించిన తోట గొట్టం ఊడదీసి, పాత లుంగీ నాలుగు మడతలు చుట్టి, తడి తగలకుండా పైన ప్లాస్టిక్ కవరు బిగించి కట్టాను.

వీడియో కాల్‌లో అమ్మ అదంతా చూస్తోంది. మార్కాపురం నుంచి తర్లుపాడు పోయే దారిలో మా ఊరు.

"కుళాయికి కుల్లాయి తొడిగినావేంది నాయనా? మన వాకిట్లో కుళాయికీ చుట్టాల్నా?"

"అంత చలి మనకెక్కడిదమ్మా" అని, సంగతి వివరించాను. నీళ్లు గడ్డకడితే దాదాపు పదకొండో వంతు ఉబ్బుతాయి. ఆ గడ్డకూ, మూసిన కుళాయికీ మధ్య ఇరుక్కున్న నీటికి పోయే దారి ఉండదు. ఒత్తిడి పెరిగి పెరిగి రాగి పైపునైనా చీల్చేస్తుంది. అందుకే ఇంట్లో కుళాయిల్ని రాత్రంతా సన్నగా కారనివ్వమన్నారు.

ఆ చివరి మాటకు అమ్మ ముఖం మాడిపోయింది. మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్. తాగడానికి క్యాను కొనాలి, వాడకానికి ట్యాంకరు కోసం కాచుకోవాలి. బియ్యం కడిగిన నీళ్లు కూడా పారబోయదు మా అమ్మ, కరివేపాకు చెట్టుకు పోస్తుంది. 1996లో వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగిందని తెలిసి, ఇక బిందెలు మోసే బాధ తప్పిందని వీధంతా చెప్పుకుని మురిసిన మనిషి. ఫోనులో ఆ చుక్కల చప్పుడు వినలేక, "కింద బక్కెట్టన్నా పెట్టరా" అంది.

పెట్టాను. బక్కెట్లు నిండితే గిన్నెలు, గిన్నెలు నిండితే పప్పు డబ్బాలు ఖాళీ చేసి పెట్టాను.

16వ తేదీ పొద్దున మైనస్ 19 డిగ్రీలు. కరెంటు పోయింది. మంచు కింద రోడ్డు మా మార్కాపురం పలకలా నున్నగా జారుతోంది. ఎదురింట్లో అటక మీది పైపు చీలి, సీలింగు తడిసి హాల్లోకి కూలింది. అది చూసి భయపడి మీటరు దగ్గర నీళ్లు కట్టేశాం. ఇంట్లో కుళాయిలన్నీ తెరిచి, పైపుల్లో చుక్క లేకుండా వంచేశాం. రెండు రోజులు పిల్లల తాగునీటి దగ్గర్నుంచి అన్నిటికీ అమ్మ పెట్టించిన బక్కెట్లే దిక్కయ్యాయి.

కరెంటు రాగానే ఫోన్ చేశాను.

"మా ఇంట్లో ఒక్కటీ పగల్లేదమ్మా. ఖాళీ పైపును ఎంత చలైనా ఏమీ చేయలేదు."

అమ్మ గుండెల మీద చెయ్యేసుకుని నిమ్మళపడింది.

"అట్టయితే మన కుళాయికీ ఏ భయం లేదులే నాయనా. బిగించిపోయిన కాడ్నుంచి అది ఖాళీగానే ఉండాది."