తేడా దొరికితేనే ఇంటికి

మా మనవడికి గచ్చిబౌలిలో ఉద్యోగం. ఇంటి నుంచి పనిచేసే రోజున వాడి సరంజామా చూడాలి. మీట నొక్కితే పైకి లేచే బల్ల, చెవులు మూసే హెడ్‌ఫోన్లు, ఎనర్జీ డ్రింకు డబ్బా, 25 నిమిషాలకోసారి కుయ్యిమనే ఫోను. "ఇది పొమొడోరో తాతయ్యా. 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం" అని నాకు పాఠం చెబుతాడు. ఇటలీలో ఎవరో కుర్రాడు టమాటా ఆకారపు వంటింటి టైమరు పెట్టుకుని మొదలుపెట్టిన పద్ధతట. విరామంలో ఏం చేస్తాడయ్యా అంటే, ఫోను చూస్తాడు!

మా రోజుల్లో ఓపికను కొనుక్కునే పని లేదు. బ్యాంకులో చేరినప్పుడు నాకు దక్కినవి ఒక చెక్క కుర్చీ, కాగితాలు ఎగిరిపోకుండా ఒక పేపర్‌వెయిటు. ఫ్యాను కరెంటు దయ మీద తిరిగేది. అలాంటి చోట లెక్కలు ముగించే జూన్ 30, డిసెంబరు 31 వచ్చాయంటే జాగారమే. 1989 నుంచి బ్యాంకుల లెక్కల సంవత్సరం మార్చి 31కి మారింది, జాగారం మాత్రం ఎక్కడికీ పోలేదు.

సేవింగ్సు వడ్డీ కట్టడమంటే ఏమిటో ఇప్పటివాళ్లకు తెలీదు. ఒక్కో ఖాతాలో, ఒక్కో నెలలో, పదో తేదీ నుంచి నెలాఖరు దాకా ఉన్న నిల్వల్లో అన్నిటికన్నా తక్కువది వెతికి పట్టుకోవాలి. అలా ఆరు నెలలకీ. 2010 ఏప్రిల్ నుంచి రోజువారీ నిల్వ మీద వడ్డీ ఇస్తున్నారు. మా కాలంలో ఆ సర్క్యులర్ వచ్చి ఉంటే, ఇచ్చినాయన్నే పిలిచి ముందు లెడ్జరు దగ్గర కూర్చోబెట్టేవాళ్లం.

మరి నిద్ర రాలేదా? వస్తుంది. రానిచ్చేవాళ్లం కాదు. బ్యాలెన్సులు సరిచూడటానికి ఇద్దరు కూర్చోవాలి. ఒకరు లెడ్జరు చూసి అంకెలు పైకి చదవాలి, రెండోవారు జాబితాలో టిక్కు పెట్టాలి. కాసేపటికి చోట్లు మారాలి. గొంతెత్తి చదివేవాడికి కునుకు పట్టదు, వినేవాడు తూలితే ఎదుటివాడికి తెలిసిపోతుంది. చెవులు మూసుకుంటే ఏకాగ్రత వస్తుందని మాకెవరూ చెప్పలేదు. లెడ్జరు కావాలంటే లేచి వెళ్లి రెండు చేతులా ఎత్తుకొచ్చుకోవాలి, అదే వ్యాయామం. మా అకౌంటెంటు గారు ఆ రాత్రి అన్నం ముట్టనిచ్చేవారు కారు. "పప్పన్నం తిన్నవాడు పేజీ తప్పుతాడు" అనేవారు. ఎదురు హోటల్ నుంచి పెసరట్లు, అల్లప్పచ్చడి, ఆపైన టీ. అంతే.

తేడా వచ్చిందా, అప్పుడు చూడాలి మా హుషారు! ముందు దాన్ని 9తో భాగించి చూసేవాళ్లం. శేషం లేకుండా తెగితే పక్కపక్క అంకెలు తారుమారయ్యాయేమోనని అనుమానం. 540 బదులు 450 రాస్తే తేడా 90. తెగకపోతే సగం చేసి ఆ మొత్తం కోసం వెతకాలి, ఎందుకంటే జమకు రాయాల్సింది ఖర్చుకు రాస్తే తేడా రెట్టింపవుతుంది. పది పైసల తేడా దగ్గర ఒక కుర్రాడు "నా జేబులోంచి వేస్తానండీ" అన్నాడు. వాడికి పడ్డ చీవాట్లు అన్నీ ఇన్నీ కావు. అటొక పదివేల తప్పు, ఇటొక పదివేల తప్పు ఒకదాన్నొకటి కప్పేసుకుని, పైకి పది పైసలే కనిపించవచ్చు.

ట్యాలీ అయిందంటే ఏ అర్ధరాత్రయినా పుస్తకం మూసి ఇంటికి. ఆ పని మళ్లీ మన మొహం చూడదు. ఓపిక అక్కడి నుంచి వచ్చేది బాబూ, పని ఎక్కడ ఆగుతుందో తెలియడం నుంచి. (ఇంట్లో ఆడవాళ్ల పనికి అప్పుడూ ట్యాలీ లేదు, అది వేరే సంగతి.)

తర్వాత కంప్యూటర్లొచ్చాయి, తేడాలు పోయాయి, ఇక ఆరింటికల్లా ఇంట్లో ఉంటారన్నారు. బ్రాంచి మేనేజరుగా ఉన్న మా మేనల్లుడు రాత్రి తొమ్మిదింటికీ అక్కడే ఉంటాడు, ఎన్ని బీమా పాలసీలు అమ్మారో పైవాళ్లకి చెప్పుకుంటూ.

మనవడిది ఇంకా చోద్యం. అమెరికా వాళ్లకి తెల్లారేసరికి మనకి చీకటి పడుతుంది, వీడికి మీటింగులు అప్పుడు మొదలు. ఏడింటికి డబ్బా తాగుతాడు. దాని మీద 80 మిల్లీగ్రాముల కెఫీన్ అని రాసే ఉంది. అందులో సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. ఇక నిద్రెక్కడిది? పొద్దున్నే నీరసం, దానికింకో డబ్బా.

"నీ పని ఎప్పుడు ట్యాలీ అవుతుందిరా?" అనడిగాను.

"ఈ స్ప్రింటు, అంటే ఈ విడత పని, అయ్యాక తాతయ్యా."

"అయ్యాక?"

"ఇంకో స్ప్రింటు."

"మరి ఓవర్‌టైమ్ ఎంతిస్తారు?" అన్నాను. ఓవర్‌టైమ్ అంటే ఏమిటో వాడికి మొదటి నుంచీ విడమరిచి చెప్పాల్సి వచ్చింది.