లైటు ఆర్పే సాఫ్ట్‌వేర్

విజయవాడ ఆటోనగర్‌లో ఇప్పుడు రెంచీ పట్టినవాడి కన్నా ల్యాప్‌టాప్ పట్టినవాడికి గిరాకీ ఎక్కువ. మంచిదే. 2020 ఏప్రిల్ 1 తర్వాత వచ్చిన బిఎస్-6 లారీ చక్రాలున్న కంప్యూటర్. దాని మీద పనిచేసేవాడికి స్కానింగ్ సాఫ్ట్‌వేర్ ఎంతో అవసరం. ఏ సెన్సర్ ఏమంటోందో, యూరియా పంపు కొడుతోందో లేదో నిమిషాల్లో చెప్పేస్తుంది. ఇంజిన్ చప్పుడు విని లోపం పట్టే పాత మేస్త్రీలు కూడా దాన్ని కాదనరు.

నా పేచీ అంతా, చదవడం మానేసి చెరపడాన్నే రిపేరు పేరుతో అమ్మే మహానుభావులతో.

వాళ్ల సరంజామా చూడండి. గ్రీజు మరకల మధ్య ఓ విండోస్ 7 ల్యాప్‌టాప్. మైక్రోసాఫ్ట్ ఆ విండోస్‌కి 2020 జనవరి 14న నీళ్లొదిలేసింది. బిఎస్-6 వచ్చింది ఆ తర్వాత రెండున్నర నెలలకి. పోయినవాడి చేత పుట్టినవాడికి జాతకం రాయించడమన్నమాట. కొత్తది కొనరాదా అంటే ‘కొత్తదాంట్లో క్రాక్ ఎక్కదండీ’ అంటారు. ఆ దొంగ సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికీ ఓ తంతు ఉంది: యాంటీవైరస్ ఆపాలి, నెట్ పీకాలి, తేదీ వెనక్కి తిప్పాలి. ఇన్ని చేస్తే గానీ నడవని పెట్టెకి ముప్ఫై లక్షల లారీ మెదడు అప్పగిస్తారు.

వీళ్ల మొదటి సేవ ‘ఎర్రర్ క్లియర్’. డాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలుగుతుంది. వైరు గుచ్చుతారు, కోడు చెరుపుతారు, లైటు ఆరుతుంది, డబ్బు చేతులు మారుతుంది. పాడైన సెన్సర్ మాత్రం ఎక్కడిదక్కడే. బండి హనుమాన్ జంక్షన్ దాటి కాస్త దూరం నడిచాక కంప్యూటర్ మళ్లీ పరీక్ష చేసుకుంటుంది, లైటు మళ్లీ వెలుగుతుంది. ఫోన్ చేస్తే ‘డీజిల్ కల్తీ అయి ఉంటుంది సార్’ అని సమాధానం. పూర్వం ఆయిల్ లైటు వెలిగితే బల్బు పీకేసే క్లీనర్లుండేవారు. ఆ పనికి పైసా తీసుకునేవారు కారు.

రెండోది ఘనమైనది, ‘యాడ్‌బ్లూ ఆఫ్’. యాడ్‌బ్లూ అంటే 32.5 శాతం యూరియా కలిసిన శుద్ధజలం. వేడి పొగలో పడితే అమ్మోనియాగా మారి, ఊపిరితిత్తుల్ని తినే నైట్రోజన్ ఆక్సైడ్లను మామూలు నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మార్చేస్తుంది. అది అయిపోయినా, పంపు ఇరుక్కున్నా ఇంజిన్ తన బలం తానే తగ్గించుకుంటుంది. కైకలూరు చేపల లోడుతో హౌరా వెళ్లే ఓనరుకి అది ప్రాణసంకటం. ఐసు కరుగుతుంటే పర్యావరణం గురించి ఎవరు వింటారు? ఆ కంగారే వీళ్లకి పెట్టుబడి. పంపు బాగుచేయరు. పంపు బాగానే ఉందని ఇంజిన్‌ని నమ్మించే ఫైలు ఎక్కిస్తారు. ఇదే తెలివితేటలకి 2015లో ఫోక్స్‌వాగన్ ప్రపంచం ముందు తలదించుకుంది. దాని సాఫ్ట్‌వేర్ పరీక్ష జరిగేటప్పుడు బుద్ధిమంతురాలిగా నటించి, రోడ్డెక్కాక పొగ వదిలేది. కోటికి పైగా కార్లలో ఉందని ఆ కంపెనీ ఒప్పుకుంది. మనవాళ్లు అంతకన్నా నిజాయితీపరులు. పరీక్షలో కూడా నటించరు, ఆ అవసరం లేదు. మన పొల్యూషన్ సర్టిఫికెట్ డీజిల్ బండికి కొలిచేది పొగ చిక్కదనమే, నైట్రోజన్ ఆక్సైడ్ల లెక్క అందులో ఉండదు. యూరియా లేని లారీ కూడా నిక్షేపంగా పాసై స్టిక్కర్ అంటించుకుని వస్తుంది. ఆ గాలి పీల్చేది ఎవరంటారా? బెంజిసర్కిల్ దగ్గర సిగ్నల్లో ఆగిన మనమే.

మూడో సేవ ‘పవర్ ప్లస్ మైలేజీ’. రెండూ ఒకేసారి పెంచే ఫైలు వీళ్ల పెన్‌డ్రైవులో ఉందట. కంపెనీల ఇంజినీర్లకి ఆ పెన్‌డ్రైవు దొరకలేదు పాపం.

అయితే ఈ దొంగ ఫైళ్ల బజారుకి పునాది తవ్వింది కంపెనీలే. అసలు సాఫ్ట్‌వేర్ షోరూమ్ గడప దాటనివ్వరు. 2014 ఆగస్టులో కాంపిటిషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల జరిమానా వేసింది. విడిభాగాలే కాదు, లోపాలు పట్టే పరికరాలు కూడా బయటి మెకానిక్కులకి అందకుండా చేశారన్నది అందులో ముఖ్యమైన నేరం. తీర్పు వచ్చింది, అప్పీళ్లు నడిచాయి. సక్రమమైన దారి మూస్తే దొడ్డిదారి హైవే అవుతుంది. కానీ కంపెనీ దుర్మార్గం ఓనరుకి రక్షణ కాదు. అనుమతి లేని మార్పుకి మోటారు వాహనాల చట్టం 2019 సవరణ ప్రకారం ఒక్కోదానికి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. అవి పడేది ల్యాప్‌టాప్‌వాడికి కాదు, బండి ఎవరి పేరున ఉందో వారికి.

కాబట్టి లారీ ఓనర్లకు ఒక మాట. ఈసారి లైటు ఆర్పించుకున్నాక డబ్బిచ్చే ముందు, ఏ నెంబరు కోడు చెరిపారో, దానికి ఏ పార్టు బాగుచేశారో చీటీ మీద రాయించుకోండి. రాయనంటే బండి అక్కణ్ణించి తీసేయండి.