మూషిక దంత విజయము

సకల మత్స్యగంధ బంధురమై, ఐసుపెట్టెల కరుగునీట నిత్యాభిషిక్తమై, బందరు చెంత గిలకలదిండి హార్బరు విలసిల్లుచున్నది. సూర్యుడు అస్తమించెను. బోట్లు కట్టుతాళ్లకు జోగుచున్నవి. అంతట గట్టున పోసిన నైలాను వలల గుట్ట చాటునుండి, మీసములు సవరించుకొనుచు, ఒక పందికొక్కు వేంచేసెను. చదువరీ, దానిని కథానాయకుడని భ్రమించేవు! నాయకులు దాని నోటి ముందరి నలుగురు: పైన ఇద్దరు, కింద ఇద్దరు.

ఆ వీరుల కవచము చూడుము. ఎనామిల్ ముందువైపుననే యున్నది. అందు ఇనుము కలియుటచే నారింజ ఛాయ దేరినది. వెనుక వీపున మెత్తని డెంటిన్. మెత్తనిది ముందు అరుగును, గట్టిది అంచుగా నిలుచును. కొరికినకొద్దీ ఉలి పదునెక్కును. వడ్రంగికి సానరాయి కావలె, వీరికి పనే సాన.

ఇక సంగ్రామము. కటకట ధ్వనులు చెలరేగెను. నైలాను పోగులు తెగెను, కన్నులు కన్నములాయెను, కన్నములు ద్వారములాయెను. చిత్రమేమంటే, తెగిన ముక్కలు చాలామటుకు అక్కడే రాలి ఉంటాయి. పెదవులు ముందుపళ్ల వెనక్కి ముడుచుకుని నోటి లోపలి వాకిలి మూసేస్తాయి మరి. కొరకడం ఒక శాఖ, తినడం వేరే శాఖ. తెల్లవారి సరంగు వచ్చి ఆ నలుగురి వంశాన్ని ఏడు తరాల దాకా స్మరించాడు. ఆ స్తుతిపాఠం అచ్చుకెక్కేది కాదు.

అయితే ఇది పౌరుషమా అంటే, నాకు అనుమానమే. ఈ పళ్లు చచ్చేదాకా పెరుగుతూనే ఉంటాయి, వారానికి 2 నుంచి 3 మిల్లీమీటర్లు. కొరకడానికేమీ దొరకనినాడు పైవారూ కిందివారూ ఒకరినొకరు నూరుకొని హద్దులో ఉందురు. ఒకడు కూలెనా, ఎదుటివాడు అడ్డు లేక వంకర తిరిగి పెరిగి, నోరు కదలనీయక, ప్రభువును ఆకలికి అప్పగించును. వినాయకుడు ఎక్కకముందే ఎలుక తన పళ్లకు వాహనం.

తక్కిన రాజలోకము మాటేమి? ఆవుకూ మేకకూ పైదవడ ముందుభాగాన సైన్యమే లేదు, గట్టి చిగురు తప్ప. కుందేలు పైపళ్ల వెనక మరో బుల్లి జత దాచుకుంది. ఇలాంటి తేడాలు చూసే 1912లో దాన్ని ఎలుకల గోత్రం నుంచి తప్పించి వేరు కుంపటి పెట్టించారు. ఏనుగు దంతాలు మాత్రం కోరలు కావు, సాక్షాత్తూ ముందుపళ్లే. ఏకదంతుడికీ ఆయన వాహనానికీ ఉన్న చుట్టరికం ఇక్కడుంది.

ఈ చుట్టరికం గుడివాడ, అవనిగడ్డ రైతుకు పట్టదు. పొట్ట మీదున్న వరి పిలకల్ని ఏటవాలుగా కోసి పడేసే పళ్లను చూశాక ఎవరికి పడుతుంది? అతడు సాయంత్రం బొరియలన్నీ మట్టితో మూస్తాడు. తెల్లారి తెరుచుకున్నవాటి దగ్గరే విందు: 96 పాళ్లు నూక, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు బ్రోమాడయోలోన్ అనే ఎలుకల మందు. తిన్నది వెంటనే చావదు. అందుకే బంధుమిత్రులకు అనుమానం రాదు, వాళ్లూ పంక్తిలో కూర్చుంటారు. కౌటిల్యుడు కూడా మెచ్చే ఏర్పాటు.

ఈ విందుల కాలంలోనే వినాయక చవితి వస్తుంది. ఇంటావిడ అదే బియ్యపు నూకలో గుప్పెడు శనగపప్పు వేసి ఉండ్రాళ్లు చేస్తుంది. మట్టి ఎలుక ముందు రైతే స్వయంగా పళ్లెం పెట్టి, దణ్ణం పెట్టుకుని, మిగిలిన ఎలుకల మందు పొట్లాలతో పొలానికి బయల్దేరతాడు.