గెట్ సూత్రమునకు లఘుటీక

అవతారిక: పైథాన్ వ్యాకరణమున 2015లో, 3.5వ కూర్పునందు, అసింక్, అవెయిట్ అను రెండు పదములకు చోటు దొరికెను. వానిని నమ్ముకొని నడచు లైబ్రరీలలో ఏఐఓహెచ్‌టీటీపీ ఒకటి. లైబ్రరీ యనగా ఇచట బీరువాలుండవు.

మూలము:

అసింక్ విత్ క్లయింట్‌సెషన్() యాజ్ సెషన్:
అసింక్ విత్ సెషన్.గెట్(యూఆర్ఎల్) యాజ్ రెస్పాన్స్:
పాఠము = అవెయిట్ రెస్పాన్స్.టెక్స్ట్()

ప్రతిపదార్థము: అసింక్ = ఎదురుచూపు తగిలినచోట తక్కిన పనులకు దారి విడుచుచు; విత్ = తెరచినదానిని నేనే మూయుదునను పూచీతో; క్లయింట్‌సెషన్ = కనెక్షన్లను దాచి మరల మరల వాడుకొను, మామూలుగా నూటికి మించనీయని, కొట్టును (తెరచి); సెషన్.గెట్(యూఆర్ఎల్) = ఆ కొట్టు ద్వారముననే కబురంపి; రెస్పాన్స్ = తల మాత్రము చేరిన జవాబును (పట్టుకొని); అవెయిట్ = మొండెము చేరువరకు తానాగి, ఇతరుల నాపక; టెక్స్ట్ = బైట్లను అక్షరములుగా విప్పి; పాఠము = పాఠమును (అందుకొనవలెను).

తాత్పర్యము: వంటమనిషి ఒక్కతె, పొయ్యిలు మూడు. కుక్కరు కూతకై దానియెదుట నిలువబడక, ఈలోపల బెండకాయలు తరుగుకొనుట అసింక్. మనుషులు ఇద్దరు కాలేదు, పని మాత్రము తెమలినది. నడుమ ఎవడేని టైమ్.స్లీప్(5) అని వ్రాసెనా, ఆమె కత్తిపీటతో సహా అయిదు సెకన్లు శిలయగును.

విశేషములు: అసింక్‌లోని అకారము గ్రీకు నిషేధార్థకము, మన అధర్మము, అన్యాయములలోని దానికి దాయాదియే. ఇది విని మా శిష్యుడొకడు అవెయిట్‌లోని అకారమును సైతము నిషేధమనుకొని, ‘వెయిట్ చేయకుము’ అని అర్థము చెప్పుకొని, దానిని తొలగించెను. తెరపై పాఠమునకు బదులు ‘కోరూటీన్ ఆబ్జెక్ట్’ అని పడినది. పని మొదలే కాలేదని భావము. వాని వ్యాకరణము తప్పే గాని, ఊహ పూర్తిగా తప్పు కాదు: అవెయిట్ అన్నచోట ఆ ఒక్కటి ఆగును, ఇరుగుపొరుగులు ఆగవు.

ఆక్షేపణ: ఒక్క జవాబునకు రెండు నిరీక్షణలేల? హెచ్‌టీటీపీఎక్స్ అను మరియొక లైబ్రరీ మతస్థులు ఒక్క అవెయిట్‌తో గెట్ ముగించి, రెస్పాన్స్.టెక్స్ట్ అని కుండలీకరణములైన లేక చదువుకొనుచున్నారే?

సమాధానము: హెచ్‌టీటీపీ జవాబు కాన్పువంటిది. తల ముందు వచ్చును, మొండెము వెనుక వచ్చును. హెచ్‌టీటీపీఎక్స్ గెట్ రెండును వచ్చుదాక తానే కాచుకొని బిడ్డను గుడ్డలో చుట్టి యిచ్చును. చూచుటకు ముచ్చటయే. రెండు గిగాబైట్ల ఫైలు పుట్టినప్పుడు గుడ్డ చాలదు. మెమరీ అంతయు అదే. అందులకై వారు స్ట్రీమ్ అని వేరే ద్వారము పెట్టుకొనిరి. ఏఐఓహెచ్‌టీటీపీ మంత్రసాని నిరీక్షణను దాచక, ఆగినచోటెల్ల అసింక్ అనియో అవెయిట్ అనియో పలికించును. సూత్రము పొడవైనను ఈ టీకాకారుని పక్షము ఇదియే: పొదుపు కొరకు ఎదురుచూపును కప్పిపుచ్చుట శుభ్రము కాదు, చెత్తను చాప క్రిందికి ఊడ్చుట.

గడువు విషయమున మతభేదము పెద్దది. రిక్వెస్ట్స్ అను లైబ్రరీ, మనము చెప్పనిచో, ఎన్నటికిని గడువు పెట్టదు. హెచ్‌టీటీపీఎక్స్ అయిదు సెకన్లు ఉలుకుపలుకు లేకున్న లేచిపోవును. ఏఐఓహెచ్‌టీటీపీ మొత్తము మీద 300 సెకన్లు ఓర్చును. అయిదు నిమిషములు, పెండ్లి చూపులలో కాఫీ రావలసిన వ్యవధి.

404 వచ్చినను ఏఐఓహెచ్‌టీటీపీ క్లయింటు కేక వేయదు. ఉత్తరము చేరినది, అందు ‘లేదు’ అని యున్నది, అంతే.

తుదకు సెషన్ స్థానము. వయసులో ఉన్నప్పుడు ఈ టీకాకారుడు దానిని లూప్ లోపల తెరచెను. రెండువేల లింకులకు రెండువేల కొట్లు. ఒకే సర్వరుతో రెండువేల మార్లు కొత్తగా చేతులు కలుపుట, తాళపుచెవులు మార్చుకొనుట. లోపలి అర్థము తెలియక, నెట్ నెమ్మదిగా ఉన్నదని రౌటరును మూడుమార్లు ఆర్పి వెలిగించెను. మొదటి పంక్తిని లూప్‌పైకి జరిపి, లోపలివాని ఇండెంటు సరిచేయుటకు పట్టినది అరనిమిషము.

ఇతి గెట్ సూత్ర లఘుటీక. విత్ పూచీ చొప్పున సెషన్ మూయబడినది.