మేరీ ఏ తప్పూ చేయలేదా?

సంబంధం కలుపుకునేముందు అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడమన్నారు పెద్దలు. మావాడు ఇంగ్లండులో సఫోక్ పల్లెటూరి పిల్లను చేసుకున్నాక మాకు చెప్పాడు గనుక, ఆ ఏడు తరాలేవో పెళ్లయ్యాక చూడాల్సి వచ్చింది. వియ్యపురాలూ సరదాపడింది. నేను "వదినగారూ" అని పిలిస్తే, అది నా యాసలో తన పేరే అనుకుని పలుకుతుందావిడ. "మాది పరువైన కుటుంబం. ఏమీ దొరకదు" అని ముందే చెప్పేసింది.

నిజంగానే ఏమీ దొరకలేదు. బాప్టిజాలు, పెళ్లిళ్లు, సమాధులు పద్దు రాయమని 1538లోనే రాజుగారి మంత్రి థామస్ క్రామ్‌వెల్ చర్చిలన్నిటికీ హుకుం జారీ చేశాడు. పరువుగా బతికిన పల్లెటూరి ఆడదానికి ఆ మూడు చోట్ల తప్ప ఇంకెక్కడా పెద్దగా పని పడదు. మేం వెతికేది వదినగారి తాతగారికి తాతమ్మను. పేరు మేరీ. ఆ రోజుల్లో ఆడపిల్లకు మేరీ, ఎలిజబెత్, ఆన్ దాటి మరో పేరు ఆలోచించే ఓపిక ఎవరికీ ఉన్నట్టు లేదు. ఒకే ఊళ్లో, ఒకే ఇంటిపేరుతో మేరీలు ముగ్గురు తేలారు.

చివరికి మా మేరీ జనాభా లెక్కల్లో పట్టుబడింది. 1841లో 35 ఏళ్లు. పదిహేను దాటినవాళ్ల వయసును ఆ ఏడు ఐదు ఎక్కంలోకి కుదించి రాశారు కనుక దాన్ని నమ్మక్కర్లేదు. 1851లో 43, 1861లో 50. పదేళ్లలో ఏడేళ్లే పెరిగింది! నాకావిడ మీద అభిమానం కలిగింది ఇక్కడే. భర్త వృత్తి వ్యవసాయ కూలీ. ఆవిడ వృత్తి గడి ఖాళీ. ఏడుగురు పిల్లలతో ఊరికే కూర్చుందన్నమాట. పెళ్లి రిజిస్టరులో సంతకానికి బదులు ఇంటూ గుర్తు పెట్టింది.

పాత కాగితాలు భద్రపరిచే ఆఫీసులో ఒకాయన నా అవస్థ చూసి, "తప్పు చేసినవాళ్లకైతే బోలెడు కాగితాలుంటాయండీ" అన్నాడు. ఆ రాత్రి వెంకటేశ్వరస్వామికి దణ్ణం పెట్టుకున్నాను: ఈవిడచేత కనీసం ఒక కోడినైనా దొంగిలించనిచ్చి ఉండు తండ్రీ!

స్వామి అంతకంటే పెద్దదే చేయనిచ్చాడు. 1826లో, పెళ్లికి ముందే, మేరీ కడుపుతో ఉంది. అలాంటి పిల్లను ఊరి అధికారులు మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్లి బిడ్డ తండ్రెవరో చెప్పించేవారు. నీతి సంగతి దేవుడెరుగు, బిడ్డ పోషణ ఊరి పేదల పన్ను మీద పడకూడదన్నది వాళ్ల బాధ. అసలు ఆ మనిషి ఏ ఊరి ఖర్చు కింద వస్తుందో తేల్చడానికి ఎక్కడ పుట్టింది, ఎవరింట్లో పనిచేసింది, ఏడాదికి జీతమెంత, అన్నీ అడిగి రాసుకునేవారు. డబ్బుతో పని కనుక అక్షరం పొల్లుపోలేదు. ఏ లెక్కల్లోనూ గడి నిండని మేరీకి ఇక్కడ పేజీలు నిండాయి. అడుగున అదే ఇంటూ గుర్తు. ఆవిడ చెప్పిన పేరు ఊరి పిండిమిల్లు ఆసామి కొడుకుది.

ఇది వదినగారికి ఎలా చెప్పాలా అని నసుగుతూ కాగితం చేతికిచ్చాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది. టీ చల్లారింది.

"మిల్లువాళ్లా?" అంది. "మరి మాకు వాటా ఏదీ?"

ఆ మిల్లు ఇప్పుడు హోటలు. వచ్చే ఆదివారం మధ్యాహ్నం భోజనానికి అక్కడ టేబుల్ బుక్ చేసింది. బిల్లు వచ్చినప్పుడు చూపించడానికని నాచేత కాగితానికి రెండు జిరాక్సులు కూడా తీయించింది.